ఎయిర్ కూలర్ వద్దన్నాను

పెద్దోడా, మొన్న ఫోన్‌లో నీ రూమ్‌లో కొత్త కంప్యూటర్ నువ్వే బిగించుకుంటున్నట్టు చెప్పావు. "అన్నీ వచ్చేశాయి అమ్మమ్మా, కూలర్ ఒక్కటే ఇంకా డిసైడ్ చెయ్యలేదు" అన్నావు. ఆ తర్వాత "హలో, అమ్మమ్మా, వినిపిస్తోందా?" అని అడుగుతూనే ఉన్నావు. వినిపిస్తూనే ఉంది నాన్నా. కూలర్ అన్న మాట దగ్గరే ఆగిపోయాను, అంతే. ఎందుకో నీకూ చెల్లికీ ఒకసారి చెప్పాలనిపించింది. నేను ఫోన్‌లో మాట్లాడితే మీకెలాగూ సగం వినపడదు, గట్టిగా మాట్లాడు అమ్మమ్మా అని విసుక్కుంటారు. అందుకని రాస్తున్నాను.

అప్పుడు మనమంతా అమెరికాలో, ప్లేనోలో ఉన్నాం. నువ్వు రెండో తరగతి, చెల్లి కిండర్‌గార్టెన్. స్కూళ్లు తెరిచారు గానీ ఎండలు తగ్గలేదు. తాతయ్యా నేనూ ఆరు నెలలు ఉందామని వచ్చాం. వచ్చిన కొద్ది వారాలకే తాతయ్యకి గుండెపోటు వచ్చింది.

అది ఎలా వచ్చిందో చెబితేగానీ మిగతాది మీకు అర్థం కాదు. మధ్యాహ్నం అన్నం తిని మేడ మీద గదిలో పడుకున్నారు. నేను కింద వంటింట్లో కొబ్బరి పచ్చడికి మిక్సీ తిప్పుతున్నాను. పొయ్యి మీద పొగ లాగే ఫ్యాను కూడా తిరుగుతోంది. ఆయన పిలిచారట. చాలాసార్లు పిలిచారట. అరిచే ఓపిక లేక మంచం పట్టె మీద వేళ్లతో కొట్టారట. మీ అమ్మ బట్టలు మడత పెడదామని పైకి వెళ్లి చూసింది కాబట్టి మనిషి దక్కారు. ఆసుపత్రిలో స్టెంట్లు వేశాక, కళ్లు తెరిచి నాతో అన్న మొదటి మాట, "పిలిచానే, నీకు వినపళ్లేదు" అని. కోపం లేదు ఆ గొంతులో. జరిగింది జరిగినట్టు చెప్పారు.

ఆ రోజు నుంచి నాకు చప్పుడంటే భయం పట్టుకుంది. పంపులో నీళ్లు వదిలినా, మీరు టీవీ పెట్టినా, దాని వెనకాల ఎక్కడో ఆయన పిలుస్తున్నట్టే ఉండేది. చేస్తున్న పని ఆపి, తడిచేతులతోనే పరిగెత్తేదాన్ని.

మెట్లు ఎక్కకూడదన్నారు డాక్టర్లు. కింద తలుపులున్న గది ఒక్కటే, వీధి తలుపు పక్కన అద్దాల తలుపులతో ఉండే స్టడీ రూమ్. మీ నాన్న మంచం కిందికి దించి అందులో వేశారు. కానీ ఆ గది మీ అమ్మ ఆఫీసు కూడా. మీ అమ్మ అప్పుడు పెద్ద పెద్ద బిల్డింగులు గాలికీ, భూకంపానికీ తట్టుకుంటాయో లేదో లెక్కలు కట్టే ఉద్యోగంలో ఉంది. తాతయ్య ఇలా ఉన్నారని ఆఫీసులో అడిగి, ఇంటి నుంచి పని చేసుకునేందుకు పర్మిషన్ తెచ్చుకుంది. ఇంటర్నెట్ వైరు ఆ గదిలోకే వచ్చేది. పైన గదులేమో పెనాల్లా కాలేవి. ఒక రోజు కంప్యూటర్ పైకి మార్చి చూస్తే వేడెక్కి దానంతటదే ఆగిపోయింది, మీ అమ్మ పొద్దుటి నుంచి చేసిన పనంతా పోయింది. పైగా తాతయ్యకే దాన్ని కదపడం ఇష్టం లేదు.

"అది పోతే దాంతోపాటు మా అమ్మాయీ పోతుంది. నేను గోడలు చూస్తూ పడుకోవాలా?" అన్నారు.

ఆ కంప్యూటర్ టేబుల్ కింద పెట్టిన నల్లటి పెట్టె. ఊరికే ఉన్నప్పుడు దోమ రొదలా ఉండేది. మీ అమ్మ లెక్క అప్పజెప్పగానే లేచేది. ముందు సన్నగా, తర్వాత మిక్సీలో పొడి కొట్టినట్టు, ఆ తర్వాత పిండిమర పక్కన నిలబడ్డట్టు. మీ స్కూలు వదిలే వేళకి మీ అమ్మ దానికి పెద్ద లెక్కొకటి అప్పజెప్పి కార్ తీసుకుని వెళ్లేది. స్కూలు ముందు కార్ల లైన్‌లో నిలబడి, మిమ్మల్ని ఎక్కించుకొచ్చేసరికి అది పూర్తవ్వాలి. సరిగ్గా ఆ వేళకే తాతయ్య కునుకు తీసేవారు. ఇంట్లో నేనూ, నిద్రపోతున్న ఆ మనిషీ, ఈ పిండిమర.

నేను కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చునేదాన్ని. ఏసీ చలికి ఆయన మెడ దాకా మందపాటి దుప్పటి కప్పుకునేవారు. గుండె పైకీ కిందికీ కదులుతోందో లేదో కనపడేది కాదు. ఊపిరి విందామంటే పెట్టె విననిచ్చేది కాదు. రాత్రిపూట ఫరవాలేదు, ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని పడుకునేదాన్ని, చెయ్యి ఉందన్న ధైర్యంతో నాకూ నిద్రపట్టేసేది. పగలు అలా కుదురుతుందా? అల్లుడు తిరిగే ఇల్లు, చుట్టూ అద్దాల తలుపులు. అందుకని ఎవరూ చూడకుండా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని. ఒకరోజు ఆయన ఠక్కున కళ్లు తెరిచారు.

"ఏంటే, ఉన్నానా పోయానా అని చూస్తున్నావా?"

"అవేం మాటలండీ."

"మరి ముక్కు దగ్గర ఆ చెయ్యేంటి?"

"దోమ వాలింది."

"ఇంత ఏసీలో దోమ. సరే, అదే అనుకుందాం" అని అటు తిరిగి పడుకున్నారు. అటు తిరిగితే మొహం కూడా కనపడదు. నేను లేచి మంచం అవతలికి కుర్చీ మార్చుకున్నాను.

చివరికి మీ అమ్మని అడిగాను. భయం సంగతి చెప్పలేదు. ఉన్న దిగులు చాలదా దానికి? తలనొప్పి వస్తోందని చెప్పాను. "ఈ పెట్టె నోరు మూయించే మార్గం ఏమన్నా ఉందా తల్లీ?"

"ఉందమ్మా. ఆ గోలంతా ప్రాసెసర్ మీద ఉన్న ఫ్యాన్‌ది. ప్రాసెసర్‌తో పాటు ఫ్రీగా ఇచ్చింది. నా అరచేయంత కూడా ఉండదు, పాపం ప్రాణం పెట్టి తిరుగుతోంది. అది తీసేసి మంచి ఎయిర్ కూలర్ ఒకటి పెట్టేస్తాను. Quietగా ఉండేవి ఉన్నాయిట."

ఎయిర్ కూలర్.

మీకు ఆ మాటకి ఏం కనపడుతుందో నాకు తెలీదు. నాకు కనపడేది విజయవాడలో మా మరిది వాళ్ల ఇల్లు. కిటికీకి ఆనించి పెట్టిన ఇనప డబ్బా, మూడు వైపులా గడ్డి మెత్తలు, లోపల ఫ్యాను, అడుగున తొట్టి నిండా నీళ్లు. రోహిణీకార్తె ఎండలకి అది లేకపోతే ఆ ఇంట్లో ప్రాణాలు నిలిచేవి కావు. ఒక మధ్యాహ్నం మా తోటికోడలు బిందెతో నీళ్లు పోస్తూ, తడి చేత్తో ఆ డబ్బా అంచు పట్టుకుంది. కేక కూడా వెయ్యలేదు. అలా పట్టుకునే ఉండిపోయింది. నోరు తెరుచుకుని నావైపే చూస్తోంది. కూలర్ రొదలో నేను ముందు తను ఏదో చెప్పబోతోందనుకున్నాను. తర్వాత అర్థమై స్విచ్ కట్టేశాను. బతికింది గానీ, ఆ కుడిచెయ్యి మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు.

అలాంటి దాన్ని, గుండెకి స్టెంట్లు వేసుకుని పడుకున్న మనిషి మంచం పక్కన, వైర్లు వేలాడే కంప్యూటర్‌కి పెడతానంటోంది మీ అమ్మ.

"ఎయిర్ కూలర్ వద్దే" అన్నాను.

"ఎందుకమ్మా?"

"వద్దంటే వద్దు. మీ నాన్న ఉన్న గదిలో అది పెట్టడానికి వీల్లేదు."

"సౌండ్ వస్తుందనా?"

కారణం చెబుదామంటే తాతయ్య వింటున్నారు. గుండె బాగాలేని మనిషి ముందు కరెంటు షాకుల మాట ఎలా ఎత్తను? "సౌండా? లారీ వచ్చి గదిలో ఆగినట్టుంటుంది" అన్నాను. అదీ నిజమే.

"అన్నీ అలా ఉండవమ్మా, నేను రివ్యూలు చదివే కదా..."

"నా మాట విను. ఇంకో రకం ఏదన్నా ఉంటే చూడు."

మీ అమ్మ నావైపు వింతగా చూసింది. ఆ సాయంత్రం మీ నాన్నతో అంటుంటే విన్నాను. "అమ్మ కూడా ఎయిర్ కూలర్ వద్దంటోంది, అంత స్ట్రాంగ్‌గా. నాకు తెలీకుండా కంప్యూటర్ ఫోరమ్స్ చదువుతోందేమో, అక్కడా ఇదే అంటారు." ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "సరే, నువ్వు చెప్పినట్టే వేరేది ఆర్డర్ చేశా. క్లోజ్డ్ లూప్" అంది. ఆ మాట నాకు అర్థం కాలేదు గానీ, క్లోజ్డ్ అంటోంది కాబట్టి అన్నీ మూసే ఉంటాయిలే అని కాస్త కుదుటపడ్డాను.

శనివారం పార్సిల్ వచ్చింది. మీ నాన్న స్క్రూడ్రైవర్లు పట్టుకుని స్టడీ రూమ్‌లో నేలమీద కూర్చున్నారు. మీ అమ్మ పెట్టె పక్క తలుపు ఊడదీసింది. తాతయ్య దిండ్లకి ఆనుకుని చోద్యం చూస్తున్నారు. మీ నాన్న అట్టపెట్టె లోంచి తీసిన వస్తువుకి రెండు నల్లటి రబ్బరు గొట్టాలున్నాయి. ఆసుపత్రిలో తాతయ్య చేతికి పెట్టిన గొట్టాలు గుర్తొచ్చాయి నాకు.

"ఆ గొట్టాలేంటి బాబూ?"

"లిక్విడ్ కూలరండీ అత్తయ్యగారూ. లోపల నీళ్లలాంటిదే ఉంటుంది. ఈ చిన్న పంపు దాన్ని తిప్పుతూ ఉంటుంది. వేడి లాగేస్తుంది."

మీకు తెలుసు కదా, నేను ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కునే మనిషిని కాను. ఆ రోజు మీ నాన్న చేతిలోంచి లాక్కున్నాను. దాన్ని ఒళ్లో పెట్టుకుని మంచం మీద తాతయ్య కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"ఇది ఈ గదిలో పెట్టనివ్వను."

"నువ్వేగా ఎయిర్ కూలర్ వద్దన్నావు!"

"నీళ్లుండకూడదనే కదే వద్దన్నది!"

"ఎయిర్ కూలర్‌లో నీళ్లేంటమ్మా? ఎయిర్ అంటే గాలి."

"గాలే. నీళ్లు పోస్తేనేగా ఆ గాలి చల్లగా వచ్చేది? నీళ్లు పొయ్యని కూలర్ ఎక్కడన్నా ఉందా?"

మీ అమ్మా నాన్నా మొహమొహాలు చూసుకున్నారు. ముందు అర్థమైంది తాతయ్యకే.

"ఓరి నాయనో! కిటికీ కూలర్ అనుకుందర్రా ఇది! గడ్డి మెత్తలు, బకెట్టు నీళ్లు!" అని నవ్వడం మొదలెట్టారు. "ఏమయ్యా అల్లుడూ, కంప్యూటర్‌కి రోజూ పొద్దున్నే రెండు బిందెలు పోస్తావా మరి!" మీ నాన్న కూడా ఆపుకోలేకపోయారు. తాతయ్య నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. అంతే, గది మొత్తం బిగుసుకుపోయింది. మీ అమ్మ మంచం మీదికి వంగింది.

"నాన్నా?"

"ఏం లేదు. నవ్వితే పక్కటెముకలు లాగాయి. అలా చూడకండి, మీ చూపులకే పోయేలా ఉన్నాను."

నేనింకా ఆ గొట్టాల వస్తువు వదల్లేదు. మీ అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇది సీల్ చేసి ఉంటుందమ్మా. కారదు. ఒకవేళ కారినా కంప్యూటర్ పాడవుతుందేమో గానీ, మనుషులకి ఏం కాదు. ఎందుకంత భయం?"

"మీ విజయవాడ పిన్ని చెయ్యి ఎందుకలా ఉందనుకున్నావు?"

"నూనె పడి కాలిందన్నారుగా."

"నీకలా చెప్పాం. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, పరీక్షలు. అది నూనె కాదు."

మిగతాది తాతయ్యే చెప్పారు, నెమ్మదిగా, నావైపు చూస్తూ. నేను ఆయన వినకూడదనుకుని దాచిన సంగతి ఆయన నోటితోనే బయటికొచ్చింది. మీ అమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి దాన్ని తీసి అట్టపెట్టెలో పెట్టేసింది. "రిటర్న్ చేసేద్దాం. చీర మార్చుకో, ఇద్దరం కొట్టుకెళ్దాం. ఈసారి నువ్వే చూసి చెప్పు" అంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన్ని వదిలి గడప దాటడం అదే మొదలు. మీ నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, "బాబూ, టీవీ పెట్టకండి. ఫోన్‌లో మాట్లాడకండి. చెవి ఇటే ఉంచండి" అని మరీ మరీ చెప్పాను. కార్‌లో వెళ్తున్నంతసేపూ, ఈపాటికి పిలిచారేమో, ఈపాటికి పిలిచారేమో అనే నా ధ్యాస. మీ అమ్మ హైవే ఎక్కితే ఇల్లు ఇంకా దూరమైపోతోందని కళ్లు మూసుకున్నాను.

అది కంప్యూటర్ సామాన్ల పెద్ద కొట్టు. కూలర్లు ఒక వరస నిండా ఉన్నాయి. మీ అమ్మ ఒకటి తీసి చేతికిచ్చింది. పలచటి అల్యూమినియం రేకులు పుస్తకం కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి మధ్యలోంచి రాగి గొట్టాలు, పక్కన ఫ్యాను. వంచి చూశాను, ఊపి చూశాను. నీళ్లు పొయ్యడానికి చోటే లేదు. వేడి రాగి గొట్టాల్లోంచి రేకుల్లోకి పాకుతుందట, ఫ్యాను గాలి దాన్ని ఊదేస్తుందట. చేతిలో డజను అరటిపళ్లు పెట్టినంత బరువుంది.

"ఇంత బరువు, ఊడి కింద పడితే?"

"వెనకాల ప్లేట్ పెట్టి బిగిస్తారమ్మా. పడదు."

చిన్న ఫ్యాను ఎక్కువ గాలి ఇవ్వాలంటే వడిగా తిరగాలి, అందుకే ఆ కీచు. పెద్దదైతే నింపాదిగా తిరిగినా అంతే గాలి వస్తుంది. ఆ సంగతి నాకు వెంటనే అర్థమైంది, టేబుల్ ఫ్యానూ సీలింగ్ ఫ్యానూ చూసినదాన్నే కదా. పెద్దవాటిలో రెండు రకాలు ఏరింది మీ అమ్మ. ఒకదానికి రెండు ఫ్యాన్లు, ఒకదానికి ఒకటే, పళ్లెమంత. పెట్టె తలుపు మూసుకునే ఎత్తులోనే ఉండాలని, నా కుట్టు టేపుతో ఇంట్లోనే కొలుచుకుని వచ్చింది.

"ఏది తక్కువ చప్పుడు?"

"దీనిమీద తక్కువ రాశారు. కానీ అమ్మా, ఎవరి బాక్స్ మీద వాళ్లు తక్కువే రాసుకుంటారు."

"అయితే వినాలి."

"ఇక్కడెలా వింటాం?" అంది, సిగ్గుపడుతూ. ఆ రెండు కూలర్లూ బిగించి నమూనాకి పెట్టిన రెండు కంప్యూటర్లు ఉన్నాయి గానీ, కొట్లో పాటలు, ఏసీ, జనం. నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని వంగి, చెవి ఆనించాను. ఏమీ తెలియలేదు. కొట్టు మనిషి వచ్చి ఏం కావాలని అడిగాడు. నా ఇంగ్లీషు నాకే చాలదు. మీ అమ్మ చెప్పింది. అతను ఒక నిమిషం తల గోక్కుని, రెండు కంప్యూటర్లనీ తోపుడుబండి మీద పెట్టి వెనక సామాన్ల గదిలోకి తీసుకెళ్లాడు. ప్లగ్గులు పెట్టి, తలుపు మూశాడు.

"పని ఇమ్మను. ఊరికే ఉన్నప్పుడు కాదు, నీ లెక్కలు చేసేటప్పుడు ఎలా అరుస్తుందో అలా" అన్నాను. మీ అమ్మ ఏవో నొక్కింది.

రెండూ లేచాయి. కానీ పిండిమరలా కాదు, దూరంగా ఎవరో విసనకర్రతో విసురుతున్నట్టు. రెండింటికీ తేడా నాకు తేలలేదు. అప్పుడు మీ అమ్మతో అన్నాను, "నువ్వు అటు వెళ్లి నిలబడు. మంచానికీ నా కుర్చీకీ ఎంత దూరమో అంత. నిద్రపోతున్నదానిలా గాలి పీల్చి వదులు."

"ఏంటి?"

"పీల్చి వదలవే. వినపడుతుందేమో చూస్తాను."

మీ అమ్మ అలాగే నిలబడి నావైపు చూసింది. నా తలనొప్పి ఏమిటో అప్పుడు తెలిసింది దానికి. కళ్లు మూసుకుని, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం మొదలెట్టింది. ఆ రెండు కంప్యూటర్లలో ఒకదాన్ని ఆపించి, ఒకదాన్ని పెట్టించి విన్నాను. రెండు ఫ్యాన్లదానిలో మీ అమ్మ ఊపిరి వదలడం వినపడింది గానీ, తీసుకోవడం వినపడలేదు. పళ్లెమంత ఫ్యానుదానిలో రెండూ వినపడ్డాయి. మధ్యలో ముక్కు ఎగబీల్చడం కూడా వినపడింది. ఏడుస్తోందని అలా తెలిసింది నాకు.

"ఇది చాలు" అన్నాను.

ఇంటికొచ్చేసరికి తాతయ్య మీ నాన్నతో పేకాడుతున్నారు. "మీ అత్తగారు పెట్టిన కాపలా ఖైదీలకి కూడా ఉండదయ్యా" అంటున్నారు. ఆ మధ్యాహ్నమే బిగించారు. పాత చిన్న ఫ్యాను తీసి, వేడి పాకడానికి ప్రాసెసర్ మీద రాసి ఎండిపోయిన పేస్టుని మీ అమ్మ స్పిరిట్ దూదితో తుడిచింది. కొత్త పేస్టు ఎంత పెట్టాలో దానికీ మీ నాన్నకీ వాదన. చివరికి శనగగింజంత పెట్టారు. బరువైన దిమ్మని బోర్డు మీద ఆనించి నాలుగు మూలలా కొంచెం కొంచెంగా స్క్రూలు తిప్పారు. తలుపు మూసి, స్విచ్ వేశారు.

"ఆన్ అవ్వలేదేమో" అన్నారు మీ నాన్న. వంగి చూస్తే లైటు వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. తాతయ్య చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, "హమ్మయ్య. ఇంతకాలం మా అమ్మాయి ఇక్కడ వడ్లు మర పట్టిస్తోందనుకున్నాను" అన్నారు.

నాకు భయం తీరిపోవాలి కదా. మీరూ అలాగే అనుకుంటారు.

సోమవారం మీ అమ్మ లెక్క అప్పజెప్పి మీకోసం వెళ్లింది. తాతయ్య పడుకున్నారు. నేను కుర్చీలో కూర్చుని విన్నాను. ఎంత బాగా వినపడిందో. లోపలికి, బయటికి. కళ్లనీళ్లు వచ్చాయి. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఊపిరి నేనెప్పుడూ అలా వినలేదు. మా ఇళ్లల్లో నెత్తిమీద ఫ్యాను ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉండేది. అలా వింటూ ఉంటే, ఊపిరి కొంచెం పెద్దదైంది. ఇంకొంచెం పెద్దదైంది, పరిగెత్తుకొచ్చినవాడిలా. తర్వాత చిన్నదవుతూ వచ్చింది. ఇంకా చిన్నదైంది. ఆగిపోయింది.

నేను లేవబోయాను. మంచం పట్టె పట్టుకుని చెవి ఆయన మీదికి వంచాను. వినపడని రోజుల్లో కనీసం పెట్టె రొద వల్ల వినపడటం లేదని సర్దిచెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. గోడ మీద గడియారం వినపడుతోంది, వీధిలో ఎవరిదో కార్ వెళ్లడం వినపడుతోంది. ఆయన మాత్రం లేరు. పిలుద్దామని నోరు తెరిచాను. అంతలో ఎక్కడో లోతుల్లోంచి చిన్న ఊపిరి. తర్వాత ఇంకోటి. మళ్లీ పెద్దవి, మళ్లీ చిన్నవి. మళ్లీ ఏమీ లేదు.

మీ అమ్మకి ఫోన్ చేశాను. "డ్రైవ్ చేస్తున్నానమ్మా, రెండు నిమిషాల్లో ఉంటా, ఏమైంది?" అంది. "నువ్వొచ్చి విను" అన్నాను. అంతకంటే చెప్పడం రాలేదు.

ఇది మీకు గుర్తుందో లేదో. మీరిద్దరూ బ్యాగులు వీపు మీద ఉండగానే అద్దాల తలుపు దగ్గర నిలబడిపోయారు. మీ అమ్మ పెదాల మీద వేలు పెట్టింది. చెల్లి నీ చొక్కా పట్టుకుంది. మీ అమ్మ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని వింది. ఆగినప్పుడు నావైపు చూసింది. ఆ మొహం నేను మళ్లీ చూడకూడదు. ఊపిరి తిరిగొచ్చాక తాతయ్య కళ్లు తెరిచారు. చుట్టూ చూశారు.

"ఏంటి, అందరూ వచ్చేశారు? నాకు చెప్పకుండా పోయానా ఏంటి?"

"తాతయ్యా, you stopped" అన్నావు నువ్వు.

ఆ తర్వాత జరిగిన టెస్టులు, మార్చిన మందులు, ఊపిరి ఆగకుండా పడుకునేటప్పుడు ముక్కుకి తగిలించుకునే మెషీను, ఇవన్నీ మీకు తెలుసు. ఆ గొట్టం చూసి ఏనుగు తాతయ్య అనేవారు మీరే. ఆ మెషీనుతో ఆయన ఇంకా చాలా ఏళ్లు ఉన్నారు, మీ ఇద్దరి మీసాలూ పరికిణీలూ చూసే పోయారు. మీకు తెలియనిది ఆ మర్నాడు డాక్టర్ దగ్గర జరిగింది ఒక్కటే.

ఆ డాక్టర్ కంగారేమీ పడలేదు. నిద్రలో ఆయన గురక పెడతారా, ఉలిక్కిపడి లేస్తారా అని అడుగుతోంది. తాతయ్యేమో, "నాకేం లేదండీ, మా ఆవిడకి భయం ఎక్కువ" అని ఇంగ్లీషులో చెబుతున్నారు, నవ్వుతూ. డాక్టరు కూడా నవ్వింది. మీ అమ్మ చెప్పబోతే, "విన్నది ఆవిడ కదా, ఆవిడనే చెప్పమనండి" అని నావైపు తిరిగింది. ఎలా చెప్పను? తెలుగులో చెప్పడానికే మాటల్లేవు.

అందుకని చేసి చూపించాను. కుర్చీ అంచున కూర్చుని, కళ్లు మూసుకుని, ముందు మామూలుగా ఊపిరి తీశాను. తర్వాత పెద్దగా, ఇంకా పెద్దగా. తర్వాత చిన్నగా, ఇంకా చిన్నగా. తర్వాత ఆపేశాను. ఆయన ఎంతసేపు ఆపారో అంతసేపూ ఆపాను. అది ఎంతసేపో నాకు బాగా తెలుసు. గది నిశ్శబ్దంగా ఉంది. కాగితం మీద డాక్టర్ కలం కదలడం ఆగింది. నా చెవుల్లో రక్తం కొట్టుకుంటోంది. ఇంకా టైమ్ కాలేదు, ఇంకా కాలేదు అనుకుంటున్నాను.

"ఆపవే," అని తాతయ్య గొంతు వినిపించింది. ఆ గొంతులో నవ్వు లేదు. "ఆపు. నాకు భయమేస్తోంది."